ద గ్రేట్ గాట్స్‌బీలో అందరూ మోసగాళ్లే అయితే, టామ్‌కీ డైజీకీ ఏమీ కాదెందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఈమధ్యే నవల చదివారు. అందులో భర్త టామ్‌కు మర్టిల్ అనే వేరే ఆమె ఉంది, భార్య డైజీకి పాత ప్రేమికుడున్నాడు, స్నేహితురాలు ఆటలో మోసం చేస్తుంది, హీరో గాట్స్‌బీది దొంగసారా సంపాదన. చివరికి చచ్చేది మాత్రం హీరో, మర్టిల్, ఆమె మొగుడు. టామ్, డైజీ సామాను సర్దుకుని హాయిగా వెళ్లిపోతారు. "కలిగినవాళ్లంతా ఇంతే అని చెప్పడానికా ఇదంతా? అసలు రచయిత ఎవరి పక్షం?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, కలిగినవాళ్లే అబద్ధాలాడతారని రచయిత ఫిట్జెరాల్డ్ ఎక్కడా అనలేదు. ఆ నవలలో లేనివాళ్లూ ఆడతారు, కథ చెప్పే నిక్ కూడా ఆడతాడు. అబద్ధం అందరిదీ. దాని ఖర్చు మాత్రం ప్రతిసారీ కింద ఉన్నవాడి ఖాతాలో పడుతుంది. నవలంతా ఆ లెక్కే. ఎవరి పక్షం అన్నది మాత్రం అంత తేలిగ్గా తేలదు, దానికి తర్వాత వస్తాను.

నేను ఇరవై రెండేళ్లు పీజీ పిల్లలకు ఈ నవల పాఠం చెప్పాను. ఏటా ఒకరైనా మీ ప్రశ్నే అడిగేవారు, కాస్త కోపంగా.

చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. నవల 1925 ఏప్రిల్‌లో అచ్చయింది. కథ 1922 వేసవిలో, న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో జరుగుతుంది. నీళ్లకు ఒకవైపు ఈస్ట్ ఎగ్, అంటే తాతలనాటి ఆస్తులవాళ్లు. ఎదురుగా వెస్ట్ ఎగ్, అంటే మనం నడమంత్రపు సిరి అంటామే, ఆ బాపతు. టామ్ బుకానన్, అతని భార్య డైజీ ఈస్ట్ ఎగ్‌లో ఉంటారు. ఒకప్పుడు డైజీని ప్రేమించిన గాట్స్‌బీ వెస్ట్ ఎగ్‌లో మేడ కొన్నాడు. ఆ మేడ పక్కనే నెలకు 80 డాలర్ల అద్దె ఇంట్లో నిక్, డైజీకి దూరపు చుట్టం. వీళ్లందరూ న్యూయార్క్ వెళ్లే దారిలో బూడిద మేటలు వేసిన చోటొకటి ఉంటుంది. అక్కడ జార్జ్ విల్సన్ గ్యారేజీ పెట్టుకుని బతుకుతుంటాడు. అతని భార్య మర్టిల్‌కీ టామ్‌కీ సంబంధం. చివర్లో డైజీ గాట్స్‌బీ కారు నడుపుతూ మర్టిల్‌ను గుద్ది చంపుతుంది. నడిపింది గాట్స్‌బీయే అనుకుని విల్సన్ అతన్ని కాల్చి, తనూ కాల్చుకుంటాడు.

మీరు టామ్ దగ్గర మొదలుపెట్టారు. నేను క్లాసులో ఎప్పుడూ క్యాడీ దగ్గర మొదలుపెట్టేదాన్ని. క్యాడీ అంటే గోల్ఫ్ ఆడేవాళ్ల కర్రల సంచి మోసే కుర్రాడు. ఆ కుర్రాడికి నవలలో పేరు లేదు, ఒకటి రెండు వాక్యాలకు మించి చోటూ లేదు. మీరు చదువుతూ దాటేసి ఉంటారు, మొదటిసారి నేనూ దాటేశాను.

డైజీ స్నేహితురాలు జోర్డన్ బేకర్ పేరున్న గోల్ఫ్ క్రీడాకారిణి. ఆమె మొదటి పెద్ద టోర్నమెంట్ సెమీఫైనల్లో బంతి ఇబ్బందైన చోట పడితే, చూడకుండా పక్కకు జరిపిందని గొడవ రేగింది. పేపర్లకెక్కబోయింది. ఇంతలో క్యాడీ తన మాట వెనక్కి తీసుకున్నాడు. చూసినవాడు ఇంకొక్కడే ఉంటే, అతను తానే పొరబడ్డానేమో అన్నాడు. గొడవ చల్లారిపోయింది. క్యాడీ ఎందుకు మాట మార్చాడో, ఎవరు వెళ్లి మాట్లాడారో, ఏమైనా ముట్టిందో రచయిత చెప్పడు. చెప్పనక్కర్లేదు కూడా, మనందరికీ తెలుసు. ఊళ్లో పెద్దింటి వాళ్ల మీద సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నవాడు తెల్లారేసరికి "నేను సరిగ్గా చూడలేదండీ" అనడం ఎవరు వినలేదు?

ఆ చిన్న సంగతే ఈ నవలకు నమూనా. తర్వాత జరిగేవన్నీ అదే అచ్చులో పోసినవే, కాకపోతే బంతి బదులు మనుషులు జరుగుతారు.

ఇప్పుడు టామ్ సంగతి. అతను ఎవరితో తిరిగాడో కాదు, తిరిగినప్పుడు ఎవరికి దెబ్బ తగిలిందో రాసుకుంటూ చదవండి. హనీమూన్ నుంచి వచ్చిన కొత్తలోనే శాంటా బార్బరా దగ్గర ఓ రాత్రి అతని కారు ఒక బండిని గుద్దింది. ముందు చక్రం ఊడింది. పక్కన ఉన్నది హోటల్లో గదులు ఊడ్చే అమ్మాయి. ఆమె చెయ్యి విరిగింది, పైగా పేపర్లోకి ఎక్కింది. టామ్‌కు గీత కూడా పడినట్టు లేదు. తర్వాత షికాగోలో ఏదో జరిగింది, వాళ్లు ఊరు మారడానికి అదే కారణమన్న సూచన ఉంది. తర్వాత మర్టిల్. చెయ్యి విరిగిన అమ్మాయి నుంచి ముక్కు పగిలిన మర్టిల్ దాకా, మర్టిల్ శవం దాకా, వరస చూడండి. డైజీకి తగిలిందల్లా చిటికెన వేలు కమిలి నల్లబడటం. అదీ టామ్ చేసిందే, మొదటి భోజనాల దగ్గరే ఆమె అందరికీ చూపిస్తుంది.

ఆ భోజనాల సీనే ఇంకోసారి తీసి చదవండి. మధ్యలో ఫోన్ మోగుతుంది, టామ్ లోపలికి వెళ్తాడు, వెనకే డైజీ వెళ్తుంది. జోర్డన్ చెవి అటు పడేసి, న్యూయార్క్‌లో టామ్‌కు ఒకామె ఉందని నిక్‌కు గుసగుసగా చెబుతుంది. ఆమె బాధ ఏమిటో గమనించారా? ఉండటం కాదు. భోజనాల వేళ ఫోన్ చేయకుండా ఉండే ఇంగితం ఆమెకు లేకపోయిందే అని! తప్పు చేసింది ఇంటి మగవాడు, మర్యాద తెలియనిది మాత్రం బయటి ఆడది. ఈ ఒక్క మాటలో ఈస్ట్ ఎగ్ మొత్తం దొరుకుతుంది.

న్యూయార్క్‌లో 158వ వీధిలో టామ్ పెట్టిన చిన్నిల్లు ఉందే, అక్కడి అబద్ధం ఇంకా ముచ్చటైనది. డైజీ క్యాథలిక్ కాబట్టి విడాకులివ్వదు, లేకపోతే టామ్, మర్టిల్ పెళ్లి చేసుకునేవాళ్లే అని మర్టిల్ చెల్లెలు కేథరిన్ నిక్‌తో చెబుతుంది. డైజీ క్యాథలిక్కే కాదు. అంత కష్టపడి అల్లిన అబద్ధానికి నిక్ కూడా కంగు తింటాడు. దీని వెనక చట్టం సంగతొకటి తెలిస్తే సీను ఇంకా పదునెక్కుతుంది. అప్పట్లో న్యూయార్క్ రాష్ట్రంలో విడాకులకు ఒకే ఒక్క కారణం చెల్లేది, వ్యభిచారం. 1966లో చట్టం మార్చేదాకా అంతే. అంటే మతం అడ్డం కానే కాదు. డైజీ కోర్టుకెళ్తే టామ్ రోజూ హోటళ్లలో బాహాటంగా చేస్తున్నదే సాక్ష్యం. కాకపోతే ఆ హక్కు మోసపోయిన మనిషిది, మోసం చేసినవాడిది కాదు. మర్టిల్‌కు ఇవేవీ తెలియవు. ఆశపెట్టడానికి ఒక సాకు కావాలి, దొరికింది.

అదే రాత్రి మర్టిల్ డైజీ పేరెత్తి అరుస్తుంది. టామ్ చెయ్యి విసురుతాడు, ముక్కు పగులుతుంది. మొగుణ్ని మోసం చేస్తే తప్పు లేదు, టామ్ భార్య పేరు ఉచ్చరిస్తే తప్పు.

ఇక న్యూయార్క్‌లో ప్లాజా హోటల్ గది, డైజీ ఎవరిదో తేల్చుకోవడానికి టామ్, గాట్స్‌బీ ఎదురెదురుపడే చోటు. పరీక్ష కోసం చదివేవాళ్లు ఈ సీన్లో డైలాగులు బట్టీ పడతారు, బల్ల మీద ఏముందో చూడరు. 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా అమెరికాలో మద్యనిషేధం. మద్యం తయారుచేయడం, అమ్మడం, ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేయడం నేరం. మందుల షాపుల్లో డాక్టరు చీటీ మీద మాత్రం విస్కీ ఇచ్చేవారు. గాట్స్‌బీ, అతని భాగస్వామి వుల్ఫ్‌షైమ్ కలిసి సందుల్లోని మందుల షాపులు బోలెడు కొని, ఆ కౌంటర్ల మీద సారా అమ్మారని టామ్ ఆరా తీశాడు. (వుల్ఫ్‌షైమ్ అంటే 2013 సినిమాలో అమితాబ్ వేసిన పాత్ర. 1919 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌ను డబ్బిచ్చి తారుమారు చేయించింది ఇతనే అని నవలలో వస్తుంది. ఆ కుంభకోణం నిజంగా జరిగిందే, ఎనిమిది మంది ఆటగాళ్లను జీవితాంతం ఆట నుంచి బహిష్కరించారు.) ఆ గదిలో టామ్ అందరి ముందూ గాట్స్‌బీని దొంగసారావాడని కడిగేస్తాడు. కుటుంబ వ్యవస్థ ఏమైపోతోందని ఉపన్యాసం కూడా ఇస్తాడు. దెయ్యాలు వేదాలు వల్లించడమంటే ఇదే.

ఆ మాటలంటున్నప్పుడు బల్ల మీద తువ్వాలులో చుట్టిన విస్కీ సీసా ఉంది. తెచ్చింది టామే, ఇంటి నుంచి. అమ్మేవాడు నేరస్తుడు, కొని తాగేవాడు పెద్దమనిషి. గొడవ అయ్యాక టామ్ ఆ మూత తీయని సీసాను మళ్లీ అదే తువ్వాలులో జాగ్రత్తగా చుడతాడు. ఒకసారి ఒక కుర్రాడు పరీక్ష పేపర్లో ఈ తువ్వాలు గురించి రెండు లైన్లు రాశాడు. మిగతా జవాబంతా అంతంతమాత్రమే, అయినా మంచి మార్కులు వేశాను.

ఇక్కడ నా వాదనకు నేనే అడ్డుపడాలి. గాట్స్‌బీని అమాయకుణ్ని చేయకండి. సినిమా చూసి వచ్చిన పిల్లలందరూ చేసే పని అదే. అతని పేరు అబద్ధం (అసలు పేరు జేమ్స్ గాట్జ్, నార్త్ డకోటా రైతుల బిడ్డ), వంశం అబద్ధం. ఆక్స్‌ఫర్డ్ చదువు యుద్ధం అయ్యాక సైనికులకు దొరికిన ఐదు నెలల అవకాశం. ఇవన్నీ పైకి రావడానికి ఆడినవి, పోనీ అనుకుందాం. మరి వాల్టర్ చేజ్ సంగతి? టామ్ స్నేహితుడు, గాట్స్‌బీ వ్యాపారంలోకి దిగాడు, పట్టుబడి న్యూజెర్సీ జైల్లో నెల రోజులున్నాడు. గాట్స్‌బీ అటు తిరిగి చూడలేదు. గాట్స్‌బీ చచ్చాక ఇంటికొచ్చిన ఫోన్ గుర్తుందా? పార్క్ అనే కుర్రాడు కౌంటర్ దగ్గర గాట్స్‌బీ దందా తాలూకు బాండ్లు ఇస్తూ దొరికిపోయాడని. అంటే ఖర్చు ఇంకొకడి ఖాతాలో రాయడం గాట్స్‌బీ కూడా నేర్చుకుంటున్నాడు. పూర్తిగా నేర్చుకోలేదు, అంతే. డైజీ కారు నడిపి మర్టిల్‌ను గుద్దినప్పుడు, నేనే నడిపానని చెబుతానన్నాడు చూడండి, టామ్ ఇంట్లో పుట్టినవాడెవడికీ ఆ ఆలోచన రాదు.

డైజీ గురించి మీరు కొంచెం కఠినంగా రాశారు, 'భర్తను మోసం చేసి ప్రేమికుణ్నీ మోసం చేసింది' అని. మాట నిజమే. కానీ ఒక ఏడాది నా క్లాసులో పెళ్లయి మూడేళ్ల పాప ఉన్న అమ్మాయి ఉండేది. అందరూ డైజీని తిడుతుంటే ఆమె లేచి, "మేడమ్, టామ్‌ని ఎప్పుడూ ప్రేమించలేదని చెప్పమని గాట్స్‌బీ అంత పట్టుబడుతున్నాడు కదా, ఆవిడకో పాప ఉంది, ఆ పాప గురించి ఒక్కమాటైనా అడిగాడా?" అంది. అడగలేదు. ఆ పాపను మొదటిసారి చూసినప్పుడు, అలాంటిదొకటి నిజంగా ఉందని అప్పుడే తెలిసినట్టు ఆశ్చర్యంగా చూస్తాడు. డైజీ చివరికి రెండు ప్రేమలూ నిజమే అంటుంది. ఆ నవల మొత్తంలో ఆమె పలికిన నిజం అదొక్కటేనేమో, దానికే గాట్స్‌బీ కూలిపోయాడు.

అలాగని ఆమెను వెనకేసుకురాను. పెళ్లికి ముందు రోజు గాట్స్‌బీ ఉత్తరం చేతిలో పట్టుకుని తాగి ఏడ్చింది, స్నానాల తొట్టిలో ఆ ఉత్తరం మంచులా విడిపోయింది. అరగంటలో టామ్ ఇచ్చిన 3,50,000 డాలర్ల ముత్యాల హారం మళ్లీ మెడలో పడింది, మర్నాడు పెళ్లిపీటల మీద నిలబడింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, అక్కడ ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ప్రమాదం జరిగిన రాత్రి సంగతి వేరు. గాట్స్‌బీ ఆ ఇంటి బయట చెట్ల మధ్య కాపలా కాస్తున్నాడు, టామ్ ఆమెను ఏమైనా చేస్తాడేమో అని. నిక్ వెళ్లి వంటింటి కిటికీలోంచి చూస్తే, భార్యాభర్తలు బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. మధ్యలో చల్లారిన కోడి వేపుడు, రెండు సీసాల ఏల్ బీరు. ఎవరూ తినడం లేదు, తాగడం లేదు. టామ్ చెయ్యి ఆమె చేతి మీద ఉంది, ఏదో నచ్చచెబుతున్నాడు, ఆమె తలూపుతోంది. వివాహేతర సంబంధాల గురించిన నవల అనుకుంటాం గానీ, ఈ పుస్తకంలో అన్నిటికన్నా గట్టి బంధం ఈ పెళ్లే. ప్రేమ వల్ల కాదు. ఇద్దరికీ ఎక్కడికి తిరిగి రావాలో తెలుసు, వచ్చినప్పుడు తలుపు తీసే ఉంటుందనీ తెలుసు.

ఇక రచయిత పక్షం. ఇది రచయిత గొంతు కాదు, నిక్ గొంతు. ఇద్దర్నీ కలిపేస్తే తప్పుతారు. మొదటి ఏడెనిమిదేళ్లు నేను క్లాసులో "నిక్ నిజాయితీపరుడైన కథకుడు" అనే చెప్పాను. గైడ్లలోనూ అలాగే ఉండేది. ఒకరోజు వెనక బెంచీ అబ్బాయి, "మేడమ్, ఈయన ఊళ్లో ఓ అమ్మాయికి వారం వారం 'ప్రేమతో, నిక్' అని ఉత్తరాలు రాస్తున్నాడు, ఇక్కడ జోర్డన్‌తో తిరుగుతున్నాడు. ఆ పేజీలోనే నేను చూసిన కొద్దిమంది నిజాయితీపరుల్లో నేనొకణ్ని అంటున్నాడు. మీరెట్లా నమ్మారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. బెల్లు కొట్టారు, బతికిపోయాను. ఇంటికెళ్లి పుస్తకం మొదటి నుంచి చదివాను. డైజీని గాట్స్‌బీని తన ఇంట్లో కలిపింది నిక్కే. టామ్ చిన్నింట్లో కూర్చుని తాగింది నిక్కే. చివర్లో విచారణ జరిగినప్పుడు కేథరిన్, మా అక్క ఏ తప్పూ చేయలేదు, మొగుడితో సుఖంగా ఉండేదని పచ్చి అబద్ధం చెబుతుంది. నిక్ దాన్ని మెచ్చుకుంటాడు. దాంతో విల్సన్ దుఃఖంతో మతిపోయిన మనిషిగా మిగిలాడు, కేసు మూసేశారు. కారు నడిపింది డైజీ అని నిక్‌కు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. క్యాడీ మాట వెనక్కి తీసుకోవడానికీ దీనికీ ఏం తేడా ఉందో మీరే చెప్పండి.

ఫిట్జెరాల్డ్ మాత్రం ఈ ప్రపంచాన్ని గేటు బయట నుంచీ లోపల నుంచీ కూడా చూసినవాడు. షికాగో దగ్గర లేక్ ఫారెస్ట్‌కు చెందిన జినెవ్రా కింగ్ అనే శ్రీమంతుల అమ్మాయిని 1915లో ప్రేమించాడు, కుదరలేదు, 1918లో ఆమె ఓ డబ్బున్నవాణ్ని పెళ్లాడింది. టామ్ తన పోలో గుర్రాలను తెప్పించుకున్నది ఆ లేక్ ఫారెస్ట్ నుంచే, అది ఊరికే పెట్టిన పేరు కాదు. తర్వాత 1922 నుంచి 1924 దాకా లాంగ్ ఐలండ్‌లో గ్రేట్ నెక్‌లో కాపురముండి, ఆ పార్టీల్లో తనూ తాగాడు. అందుకే తిట్టడానికి నోరు పూర్తిగా రాదు, మెచ్చుకోవడానికి మనసొప్పదు. మీకు 'పక్షం' దొరకకపోవడానికి కారణం అదే అనుకుంటాను.

చివరగా, మీరు టామ్‌కు పశ్చాత్తాపమే లేదన్నారు. ఉందండీ, అదే భయంకరం. అక్టోబరులో ఫిఫ్త్ అవెన్యూ మీద నిక్‌కు ఎదురుపడతాడు. తుపాకీ జేబులో పెట్టుకుని వచ్చిన విల్సన్‌కు ఆ కారు గాట్స్‌బీదని చెప్పింది తనేనని ఒప్పుకుంటాడు, అందులో తప్పేముందన్నట్టు. మర్టిల్‌ను కుక్కను తొక్కించినట్టు తొక్కించి పోయాడంటాడు గాట్స్‌బీని. అంటే కారు నడిపింది తనేనని డైజీ అతనికి కూడా చెప్పలేదన్నమాట. తర్వాత, ఆ చిన్నిల్లు ఖాళీ చేయడానికి వెళ్తే బల్ల మీద కుక్క బిస్కెట్ల పెట్టె కనబడిందట, కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. ఆ ఏడుపు నిజమేనని నేను నమ్ముతాను. నిక్ అతనితో చేయి కలుపుతాడు. టామ్ నేరుగా నగల షాపులోకి వెళ్లిపోతాడు, బహుశా ముత్యాల హారం కొనడానికి.

ఆ కుక్కపిల్లను మర్టిల్ ముచ్చటపడితే రోడ్డు పక్కన ముసలాయన దగ్గర టామ్ పది డాలర్లిచ్చి కొన్నాడు. దాని కోసం కొన్న వెండి అల్లిక తోలు పట్టీ దొరికాకే విల్సన్‌కు అనుమానం వచ్చింది. ఇంట్లో కుక్క లేదు, పట్టీ ఉంది. ఆ చిన్నింట్లో బిస్కెట్లు ఉన్నాయి, అక్కడా కుక్క లేదు. అది ఏమైందో నవలలో ఎవరూ అడగరు.